నూనె అరువు దొరకదు

(పరీక్షలు వ్రాయబోవు బిడ్డలకును, వారి తలిదండ్రులకును)

చదువవలసిన వాక్యభాగము: మత్తయి సువార్త 25వ అధ్యాయము, 1 నుండి 13 వచనములు.



పదియవ తరగతి పరీక్షలకు ముందు వచ్చు ఆదివారమున మన పల్లె సంఘములలో ఒక ఆచారము కలదు. బిడ్డలు తమ హాల్ టిక్కెట్లను, కలములను తెచ్చి బల్లమీద ఉంచుదురు. కాపరి వాటిపై చేతులుంచి ప్రార్థించును. తల్లులు కొంగుతో కన్నులు తుడుచుకొందురు. ఇది మంచి ఆచారమే, దీనిని మేము మాన్పబోము. అయితే ఆ బల్లమీద వరుసగా నున్న కలములను చూచినప్పుడెల్ల ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానము మాకు జ్ఞాపకము వచ్చుచుండును. ఆ పదిమంది చేతులలోను దివిటీలున్నవి. పగటివేళ చూచినవారికి వారిలో భేదమేమియు కనబడి యుండదు. ఎవరి సిద్దెలో నూనె ఉన్నదో, ఎవరి సిద్దె వట్టిదో అర్ధరాత్రి కేక వినబడినప్పుడే బయలుపడెను.

ఈ ఉపమానమును ప్రభువు తన రాకడను గూర్చి చెప్పెను గాని పాఠశాల పరీక్షలను గూర్చి చెప్పలేదు. దాని మొదటి అర్థమును మనమెన్నడును మరువరాదు. అయినను సిద్ధపాటు అనగా నేమో ఆయన అందులో తేటగా చూపెను. ఆత్మకు చెల్లు ఆ నియమము పొలమునకును చెల్లును, బిడ్డల చదువునకును చెల్లును. గనుక ఈ మాసము ఆ దీపపు వెలుగులోనే పరీక్షలను గూర్చి కొంత ధ్యానింతము.

"చదువు లోకసంబంధమైనది, దానిని ప్రసంగపీఠము మీదికి తేనేల?" అని కొందరు పెద్దలు అడుగవచ్చును. మన తాతల దినములలో మన బిడ్డలకు పలక పట్టుటకే చోటు లేకుండెను. అట్టి మనకు పలకయు బడియు దొరకుట కృప. దొరికిన కృపను వ్యర్థపరచుట భక్తి కాదు. దానియేలును అతని స్నేహితులును బబులోనులో మూడు సంవత్సరములు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనిరి. వారు రాజు భోజనమును వద్దనిరి గాని రాజు పాఠమును వద్దనలేదు. గడువు తీరినప్పుడు రాజే వారిని ప్రశ్నించి, తన రాజ్యమందలి జ్ఞానులందరికంటె వారు పదియంతలు శ్రేష్ఠులని కనుగొనెను. జ్ఞానమిచ్చినవాడు దేవుడే, అయితే ఆ మూడేండ్లు చదివినవారు వారే. ప్రార్థన చదువునకు బదులుగా నిలువదు. చదువుచున్న బిడ్డకు అది బలమగును.

1. నూనె ముందుగా పోసికొనవలెను

బుద్ధిగల కన్యకలు ఇల్లు కదలక మునుపే నూనె పోసికొనిరి. బిడ్డలారా, పరీక్షకు ముందు వారమున పుస్తకమంతయు ఒక్కసారి మ్రింగజూచుట అర్ధరాత్రి అంగడికి పరుగెత్తుట వంటిది.

దీనికి లెక్క కలదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు జ్ఞాపకశక్తిని గూర్చి 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. అర్థములేని అక్షరపు ముక్కలను వరుసలుగా కంఠస్థము చేసి, ఎంత కాలములో ఎంత మరచునో తనమీద తానే పరీక్షించుకొనెను. తిరిగి నేర్చుకొనుటకు పట్టిన శ్రమను బట్టి చూడగా, ఒక గంటలోనే సగముకంటె ఎక్కువ జారిపోయెను. ఒక దినము గడచునప్పటికి మూడింట రెండు వంతులు పోయెను. ఆ తరువాత మరపు నెమ్మదించెను. ఒక్కసారే బహుమారులు వల్లించుటకంటె, అదే శ్రమను కొన్ని దినములకు పంచుట మేలని కూడ ఆయన కనుగొనెను.

ఈ సంగతి మన రైతులకు చెప్పనక్కరలేదు. మిరపతోటకు నెలకు సరిపడు నీరంతయు ఒక్క దినముననే పెట్టినయెడల వేళ్లు కుళ్లును. తడి తరువాత తడి, నడుమ కొంత ఆరుదల ఉండవలెను. చదువును అట్లే చేయుడి. బడిలో నేడు చెప్పిన పాఠమును నేటి రాత్రి ఒకమారు, మూడవనాడు ఒకమారు, వారమునకు ఒకమారు, నెలకు ఒకమారు చూడుడి. మొదటిసారి గంట పట్టినది రెండవసారి అరగంటలో ముగియును, నాలుగవసారికి పది నిమిషములు చాలును. ఒకే సాయంకాలము ఒక్క గణితమే చేయక, గణితము కొంత, సాంఘికము కొంత, తెలుగు కొంత చేయుడి. కష్టమైన పాఠమును మనస్సు తాజాగా నున్న వేళ పెట్టుకొనుడి. చదువునప్పుడు ఫోను మీ చేతిలో గాని ప్రక్కన గాని ఉండరాదు. అది అమ్మ దగ్గర ఉండవలెను.

2. నూనె ఉన్నదో లేదో చూచుకొనవలెను

బుద్ధిలేని కన్యకల తప్పిదమేమి? తమకు నూనె చాలునో లేదో వారు ముందుగా చూచుకొనలేదు. మన బిడ్డలలో అనేకులు ఇట్లే మోసపోవుచున్నారు. ఒకే పాఠమును పదిమారులు చదువుదురు. కన్నులకు అక్షరములు పరిచయమగును. "నాకు వచ్చినది" అని పుస్తకము మూయుదురు. పరీక్షాగదిలో తెల్లకాగితము ఎదుట కూర్చున్నప్పుడు ఒక్క వాక్యమును రాదు. పరిచయము వేరు, జ్ఞాపకము వేరు. సంతలో చూచిన ముఖమును గుర్తుపట్టినంత మాత్రమున ఆ మనిషి పేరు చెప్పలేము గదా?

అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో రోడిగర్, కార్పికీ అను ఇద్దరు పరిశోధకులు 2006లో దీనిని పరీక్షించి ప్రకటించిరి. ఒక గుంపు విద్యార్థులు ఒక పాఠమును నాలుగు విడతలు చదివిరి. వేరొక గుంపు ఒక్క విడత చదివి, మూడు విడతలు పాఠము చూడక జ్ఞాపకమున్నంత వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత అడుగగా మరల మరల చదివినవారే ఎక్కువ చెప్పిరి. వారము తరువాత అడుగగా సంగతి తారుమారాయెను. నాలుగు విడతలు చదివినవారికి నూటికి 40 వంతులు నిలిచెను, చూడక వ్రాసినవారికి 61 వంతులు నిలిచెను.

కావున బిడ్డలారా, ఒక పాఠము చదివిన వెంటనే పుస్తకము మూయుడి. పాత నోటుపుస్తకపు వెనుక పుటలలో జ్ఞాపకమున్నంత వ్రాయుడి. తరువాత పుస్తకము తెరచి, విడిచిపెట్టినదానిని ఎఱ్ఱ సిరాతో చేర్చుకొనుడి. ఆ ఎఱ్ఱ గీతలే రేపు మీరు చదువవలసిన పాఠము. గణితమునందు చేసి చూపిన లెక్కను కన్నులతో చదువుట చాలదు. జవాబును చేతితో మూసి, మొదటి వరుసనుండి మీరే చేయవలెను. వెనుకటి సంవత్సరముల ప్రశ్నపత్రములను తెచ్చుకొని, గడియారము ఎదుట పెట్టుకొని, పరీక్షాగదిలో కూర్చున్నట్లే కూర్చుండి వ్రాయుడి.

తల్లులారా, "మాకు అక్షరము రాదు, మేమేమి నేర్పగలము?" అని మీరు మాతో అనుచుందురు. మీరు చేయగల పని ఒకటి కలదు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు బిడ్డను పిలిచి, "నేడేమి చదివితివో నాకు అర్థమగునట్లు చెప్పు" అని అడుగుడి. మీకు అర్థమగునట్లు చెప్పగలిగినయెడల ఆ పాఠము బిడ్డకు వచ్చినట్లే. చెప్పలేక తడబడిన చోట రాలేదని బిడ్డకే తెలియును. ఇంట కూర్చున్నప్పుడును త్రోవను నడుచునప్పుడును పిల్లలతో మాటలాడుమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో ఇశ్రాయేలు తలిదండ్రులకు ఆజ్ఞ కలదు. ఆ ఆజ్ఞ పాటించుటకు పట్టా అక్కరలేదు.

3. పదిమందియు నిద్రించిరి

ఈ ఉపమానములో మేము పలుమారులు గమనించిన సంగతి ఒకటి కలదు. బుద్ధిలేనివారే కాదు, బుద్ధిగలవారును నిద్రించిరి. నిద్రించినందుకు ప్రభువు వారిని గద్దింపలేదు. నూనె గలవారు నెమ్మదిగా నిద్రింపగలిగిరి.

రాత్రియంతయు మేలుకొని టీ త్రాగుచు చదువుట శౌర్యమని మన బిడ్డలు తలంచుచున్నారు. పగలు చదివినదానిని మెదడు నిద్రలోనే స్థిరపరచుకొనునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 13 నుండి 18 ఏండ్ల వయస్సువారికి రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని అమెరికా నిద్రావైద్య పండితుల సంఘము 2016లో సలహా ఇచ్చెను. పరీక్షకు ముందటి రాత్రి క్రొత్త పాఠము మొదలుపెట్టకుడి. ఎఱ్ఱ గీతలను ఒకమారు చూచుకొని, కలములు, హాల్ టిక్కెట్టు, నీటిసీసా సర్దుకొని పరుండుడి. ఉదయమున కడుపునిండ తినక పంపవద్దని తల్లులకు మనవి.

భయమును గూర్చి ఒక మాట. చికాగో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో ఒక సంగతి ప్రకటించిరి. మిక్కిలి భయపడు విద్యార్థులు పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయములను కాగితముమీద వ్రాసికొనగా, ఫలితము మెరుగుపడెనట. మనకు ఇది వింతగా తోచదు. హృదయమును దేవుని సన్నిధిని కుమ్మరింపుమని కీర్తనకారుడు ఎంతో కాలము క్రిందటనే నేర్పెను. బిడ్డలారా, "ప్రభువా, నాకు రేఖాగణితము అనిన భయము, తండ్రి కొట్టునేమో అని భయము" అని ఉన్నది ఉన్నట్లు ఆయనతో చెప్పుడి, వ్రాయుడి. లోపల మూటగట్టిన భయము చేతిని వణకించును. బయట పెట్టిన భయమునకు కోర తక్కువ.

4. దివిటీని చక్కపరచుట

కేక వినబడగానే కన్యకలు లేచి తమ దివిటీలను చక్కపరచుకొనిరి. నూనె ఉన్నంత మాత్రము చాలదు, వత్తిని సరిచేయవలెను. పరీక్షాగదిలో చేయవలసిన పని ఇదే.

2025 మార్చిలో జరిగిన ఆంధ్రప్రదేశ్ పదియవ తరగతి పరీక్షలలో 100 మార్కుల పత్రమునకు ఉదయము 9:30 నుండి 12:45 వరకు కాలమిచ్చిరి. అందు మొదటి 15 నిమిషములు ప్రశ్నలు చదువుకొనుటకే. ఆ నిమిషములను వృథా చేయకుడి. పత్రమంతయు నెమ్మదిగా చదివి, బాగుగా వచ్చిన ప్రశ్నలేవో, తడుముకొనవలసినవేవో మనస్సులో వేరుచేసికొనుడి. వ్రాయుటకు మిగిలినవి 180 నిమిషములు. కడపట సరిచూచుకొనుటకు 10 నిమిషములు తీసినయెడల, మార్కు ఒక్కంటికి రెండు నిమిషములకు కొంచెము తక్కువ వచ్చును. రెండు మార్కుల ప్రశ్నకు మూడు నిమిషములు, నాలుగు మార్కులకు ఏడు, ఎనిమిది మార్కులకు పదుమూడు లేక పదునాలుగు. అనేకులు ఈ లెక్క మరచి, తెలిసిన ప్రశ్నకు నాలుగు పుటలు వ్రాసి, కడపటి ప్రశ్నలను ముట్టకయే కాగితమిచ్చి వచ్చుచున్నారు.

బాగుగా వచ్చినదానిని ముందు వ్రాయుడి. అది చేతికి స్థిరత్వమును, మనస్సునకు ధైర్యమును ఇచ్చును. ప్రశ్న సంఖ్యను తప్పక వేయుడి. లెక్కలో ప్రతి వరుసను చూపుడి. కడపటి జవాబు తప్పినను సరియైన వరుసలకు కొన్ని మార్కులు దొరకును. ఈ పరీక్షలో తప్పు జవాబునకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్నను వట్టిగా విడువకుడి. వ్రాసి వచ్చిన పరీక్షను గూర్చి స్నేహితులతో వాదింపక, మరుసటి పరీక్షకు సిద్ధపడుడి.

5. అరువు దొరకదు

"మీ నూనెలో కొంచెము మాకియ్యుడి" అని బుద్ధిలేనివారు అడిగినట్లే, "నీ కాగితము కొంచెము చూపు" అను మాట పరీక్షాగదిలో ప్రతి సంవత్సరము వినబడును. బుద్ధిగలవారు ఈయలేదు. వారు కఠినులని కొందరు తలంతురు. కాని నూనె పంచుకొనిన యెడల త్రోవ సగములో అందరి దివిటీలును ఆరిపోవును.

స్లిప్పులు అందించు అన్నలు, కిటికీ దగ్గర నిలుచు మామలు, దీనినంతటిని సహాయమనుకొనుచున్నారు. ఇది నేరము. పరీక్షలలోని అక్రమములను అరికట్టుటకు ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టము చేసిరి. 2022లో పదియవ తరగతి పరీక్షలు జరుగుచుండగా ప్రశ్నపత్రములను ఫోనులలో బయటికి పంపిరని ఉపాధ్యాయులు సహితము అరెస్టయిరి. చట్టము సంగతి అటుంచుడి. చూచి వ్రాసి గట్టెక్కిన బిడ్డ ఇంటర్మీడియట్‌లో మొదటి దినముననే చీకటిలో నిలుచును. అరువు తెచ్చిన వెలుగు అక్కడికి వెంటరాదు. అంతకుమించి, "మోసము చేసియైనను గెలువవలెను" అను పాఠము పదునైదేండ్ల వయస్సులోనే హృదయములో అచ్చుపడును. ఆ పాఠమును మరపించుట ఏ ఉపాధ్యాయునికిని సులభము కాదు. నిజాయితీగా వచ్చిన 40 మార్కులతో ఇంటికి వచ్చిన బిడ్డను మనము తలయెత్తి ముద్దు పెట్టుకొనవచ్చును.

6. మరల తెరువబడు తలుపు

ఉపమానపు కడపట తలుపు వేయబడెను. ఇక్కడ మేము గట్టిగా చెప్పవలసినది ఒకటి కలదు. వేయబడి మరల తెరువబడని ఆ తలుపు పెండ్లికుమారుని యింటి తలుపు. పాఠశాల పరీక్ష అట్టి తలుపు కాదు. ఈ రెంటిని కలిపి బిడ్డలను భయపెట్టువారు ప్రభువు మాటను చెరుపుచున్నారు.

2025లో ఆంధ్రప్రదేశ్ పదియవ తరగతి పరీక్షలలో నూటికి 81 మంది ఉత్తీర్ణులైరి. అనగా లక్షకు పైగా బిడ్డలు ఉత్తీర్ణులు కాలేదు. 2022లో నూటికి 67 మంది మాత్రమే గట్టెక్కిరి. తప్పినవారు ఒంటరివారు కారు. 2025లో తప్పినవారికి ఆ మే నెలలోనే మరల పరీక్ష పెట్టిరి. మార్కులను తిరిగి లెక్కింపుమని అడుగుటకును ఏర్పాటు కలదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొద్ది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. మార్కుల నమోదులో తప్పులు దొరలినవని తరువాత విచారణలో తేలెను. ఒక విద్యార్థినికి 99 మార్కులు రాగా కాగితముమీద సున్న పడెను. ప్రియులారా, కాగితము అబద్ధమాడవచ్చును. కాగితము నిజమే చెప్పినను, అది ఒక ఉదయము మూడు గంటలలో బిడ్డ వ్రాసినదానికి వెల కట్టును గాని బిడ్డకు వెల కట్టదు. ఆ బిడ్డ వెల కలువరిలో కట్టబడినది.

మార్కు అను మారుపేరుగల యోహానును జ్ఞాపకము చేసికొనుడి. మొదటి ప్రయాణములో అతడు పంఫూలియలో వెనుదిరిగెను. మరల అతనిని వెంట తీసికొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా అతనిని విడువక తీసికొనిపోయెను. కడపట పౌలే చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు, మార్కును తోడుకొని రమ్మనియు, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడనియు తెలిపెను. ఒకసారి తప్పినవాడు నిలిచెను, ఏలయనగా ఒక బర్నబా ఉండెను.

తండ్రులారా, ఫలితములు వచ్చు దినమున మీరు ఇంటిలో పౌలుగా నుందురో బర్నబాగా నుందురో ముందే తేల్చుకొనుడి. ఆ దినమున పనికి పోక బిడ్డ దగ్గర ఉండుడి. తప్పినయెడల ఆ రాత్రి ప్రక్కింటి పిల్లతో పోల్చకుడి. ముందు అన్నము పెట్టుడి. "మరల వ్రాయుదువు, మేమున్నాము" అని చెప్పుడి. బిడ్డ మాటలాడక మూల కూర్చున్నను, చావు మాట ఎత్తినను తేలికగా తీసికొనకుడి, ఒంటరిగా విడువకుడి. 2022లో భారత ప్రభుత్వము ఆరంభించిన 14416 అను నంబరునకు రాత్రియైనను పగలైనను ఫోను చేసి సలహా పొందవచ్చును. వైద్యుని దగ్గరకు పోవుటలో సిగ్గులేదు. మా యింటి తలుపు ఏ జామునైనను తట్టవచ్చును.

సంఘమునకు

కడపట సంఘస్థులమైన మనకు కొంత పని కలదు. ఫిబ్రవరి, మార్చి మాసములలో మన రాత్రి కూటములను తొమ్మిది గంటలకు ముందే ముగింతము. మైకు శబ్దము మందిరపు గోడలు దాటకుండ చూతము. పరలోకమునకు వినబడుటకు మైకు అక్కరలేదు, ప్రక్క వీధిలో చదువుకొను బిడ్డకు మాత్రము అది అడ్డమగును. ఒకే గదిలో పదిమంది నివసించు ఇండ్లు మనలో ఉన్నవి. అట్టి ఇండ్ల పిల్లల కొరకు ప్రతి సాయంకాలము 6 నుండి 9 వరకు మందిరపు వరండాలో దీపములు వెలిగించి ఉంచుదుము. ఏ మతపు బిడ్డయైనను వచ్చి కూర్చుండవచ్చును. డిగ్రీ చదివిన యౌవనస్థులు వంతులు వేసికొని లెక్కలు చెప్పవలెను. పరీక్షలు ముగియువరకు ఆడపిల్లలకు నీళ్లు మోయు పని తగ్గించుడి, మగపిల్లలను కూలికి పంపకుడి.

బిడ్డలారా, వచ్చు ఆదివారమున మీ కలములను తెండి, మేము సంతోషముతో ప్రార్థింతుము. ఈ రాత్రి మాత్రము పుస్తకము తెరచి ఒక్క పాఠము చదివి, దానిని మూసి, జ్ఞాపకమున్నంత వ్రాయుడి. రేపు మరియొకటి. ఇట్లు చుక్క చుక్కగా సిద్దె నిండును.

జ్ఞానమునకు ఊటయైన దేవుడు మన బిడ్డల శ్రమను ఆశీర్వదించి, గెలుపులో అణకువను, ఓటమిలో ధైర్యమును వారికి అనుగ్రహించును గాక. ఆమేన్.